జామీను వచ్చాక కూడా జైల్లోనే

కొత్తగా బెంచి ఎక్కిన జూనియర్ సివిల్ జడ్జీలకు, న్యాయవాద మిత్రులకు నమస్కారం.

బడుగులకు న్యాయం అనగానే అందరికీ సుప్రీంకోర్టే గుర్తొస్తుంది. ఖైదీ రాసిన ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకున్న సునీల్ బాత్రా కేసు, బీహార్ జైళ్లలో మగ్గిపోతున్న విచారణ ఖైదీల కోసం 1979లో వచ్చిన హుస్సేనారా ఖాతూన్ తీర్పు. గొప్ప తీర్పులే. కానీ పేదవాడికి ఎదురయ్యే జడ్జి మీరు. అందుకే ఇవాళ పెద్ద మాటలు పక్కనపెట్టి ష్యూరిటీల గురించి, అంటే జామీనుకు పూచీ పడేవాళ్ల గురించి మాట్లాడతాను.

1978 నాటి మోతీరామ్ కేసు చూడండి. ఆయన మధ్యప్రదేశ్‌లో ఒక తాపీమేస్త్రీ. సాక్షాత్తూ సుప్రీంకోర్టే జామీను ఇచ్చి, పూచీ సంగతి మేజిస్ట్రేటుకు వదిలింది. మేజిస్ట్రేటు 10,000 రూపాయలకు ష్యూరిటీ అడిగారు. సోదరుడు ముందుకొస్తే, ఆస్తి వేరే జిల్లాలో ఉందని తోసిపుచ్చారు. మేస్త్రీ మళ్లీ సుప్రీంకోర్టు గడప తొక్కాల్సి వచ్చింది. జస్టిస్ కృష్ణయ్యర్ పూచీదారు లేకుండా, 1,000 రూపాయల సొంత బాండు మీద వదిలేయమన్నారు. ఎక్కడో బస్తర్‌లోనో పోర్ట్‌బ్లెయిర్‌లోనో పట్టుబడిన దక్షిణాది మనిషి, అక్కడ ఆస్తి ఉన్న పూచీదారుణ్ణి ఎక్కణ్ణుంచి తెస్తాడని ఆ తీర్పులోనే నిలదీశారు. ఇన్నేళ్లయినా ‘లోకల్ ష్యూరిటీ’ మాత్రం మన ఉత్తర్వుల్లోంచి పోలేదు. 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఆ సంగతే మళ్లీ చెప్పాల్సి వచ్చింది. జామీను వచ్చిన నెలలోపు బాండ్లు ఇవ్వలేకపోతే, కోర్టు తనంతట తానే షరతులు సడలించే విషయం చూడవచ్చనీ అంది.

తనంతట తానే అన్నారు గనక ఎవరో పిటిషన్ వేస్తారని ఎదురుచూడకండి. జామీను వచ్చినా బయటికి రాని వాళ్ల జాబితా వారానికోసారి మీ బల్ల మీదికి రావాలి. బెంచి గుమాస్తాకు చెబితే అయ్యే పని.

ఇక వకీలు సంగతి. రిమాండుకు తెచ్చిన మనిషిని “లాయరున్నాడా?” అని ఫైల్లోంచి తలెత్తకుండా అడుగుతాం. అతను పక్కనున్న కానిస్టేబుల్ వంక చూసి తల అడ్డంగా ఊపుతాడు. ‘లేరు’ అని రాసుకుంటాం. అడిగినట్టే లెక్క! 1986లో సుఖ్‌దాస్ కేసులో సరిగ్గా ఇలాంటి చోటే శిక్ష నిలబడలేదు. ఉచిత సాయం కావాలని ముద్దాయి అడగలేదు కదా అని హైకోర్టు అంటే, అలాంటి హక్కుందని అతనికి చెప్పాల్సింది కోర్టే అని సుప్రీంకోర్టు కొట్టేసింది. “పైసా ఖర్చు లేకుండా నీకు లాయర్ని పెడతాం” అని అతని భాషలో చెప్పడానికి అర నిమిషం చాలు. కస్టడీలో ఉన్నవాడికి ఆదాయ పరిమితి కూడా లేదు. 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ ఒకసారి చూడండి.

పెండింగ్ కేసుల గుట్టలు మీ ముందున్నాయి, కాదనను. అయినా లాయర్ని పెట్టడంతో పని అయిపోయిందనుకోవద్దు. కేసు కట్ట చేతిలో పడ్డ పది నిమిషాలకే “రెడీ” అనే లాయరు ఎదురైతే, ముద్దాయితో మాట్లాడారా అని అడగండి. మాట్లాడలేదని చెబితే, ఆ కేసులో సాక్షి విచారణను మధ్యాహ్నానికి మార్చండి. ఈలోపు లాయర్నీ ముద్దాయినీ ఒక మూల బెంచీ మీద కూర్చోనివ్వండి. కానిస్టేబుల్‌ని మాత్రం మాట వినబడనంత దూరంలో నిలబడమనండి.