ఎలుకల్లో కణుతులు తగ్గితే మనకు మందు దొరికినట్టేనా?

నమస్కారం. ‘ఎలుకల్లో మూత్రాశయ క్యాన్సర్‌ను అడ్డుకున్న మందు’ అని వార్త వస్తే చాలు, ‘ఇప్పటికే క్యాన్సర్ ఉన్న మా నాన్నగారికి వాడవచ్చా?’ అని ప్రశ్నలు మొదలవుతాయి. అడిగేవారి ఆరాటం నాకు అర్థమవుతుంది. నా కోపమంతా వార్త రాసేవారి మీదే. అడ్డుకోవడం వేరు, నయం చేయడం వేరు అన్న ఒక్క ముక్క వాళ్లు రాయరు.

రాత్రి గోరువెచ్చని పాలలో చెంచాడు పెరుగు కలిపి మూత పెడతాం. గంట తర్వాత చూసినా అవి పాలలాగే ఉంటాయి. లోపల పని మాత్రం మొదలైపోయింది. క్యాన్సర్ కూడా అలాగే మొదలవుతుంది. ప్రయోగశాలలో ఎలుకకు పెట్టే ఆ తోడు పేరు ఓహెచ్-బీబీఎన్, మూత్రాశయ క్యాన్సర్ తెప్పించే నైట్రోసమైన్ జాతి రసాయనం. సన్నని గొట్టంతో నేరుగా కడుపులోకి, వారానికి 2 సార్లు చొప్పున 8 వారాలు ఇస్తారు. కాలేయం దాన్ని మరో పదార్థంగా మారుస్తుంది. అది మూత్రంలోకి దిగి, మూత్రాశయంలో నిలిచి, గోడను తాకుతూ ఉంటుంది. సిగరెట్ పొగలోని విషాలు మనిషి మూత్రాశయానికి చేరే దారి కూడా ఇలాంటిదే. ఈ ప్రయోగం మీద నాకు గౌరవం అందుకే.

తోడు వేసిన గిన్నెల్లో కొన్నింటిని ఫ్రిజ్‌లో పెట్టి, కొన్నింటిని బయటే ఉంచండి. బయటివి కూడా తోడుకోకపోతే ఫ్రిజ్ చేసిందేమిటో తెలియదు. మందు ఇవ్వని ఎలుకల గుంపు ఉండేది ఇందుకే. ఇక మోతాదు. పాలలో గుప్పెడు ఉప్పు పోసినా పెరుగు సరిగ్గా తోడుకోదు, కానీ దాన్ని ఎవరు తింటారు? అందుకే ఎలుకల బరువు ఎప్పటికప్పుడు చూస్తారు. మందు తింటూ ఎలుక చిక్కిపోతుంటే ఆ ఫలితాన్ని నేను నమ్మను. చివర్లో మూత్రాశయాన్ని బయటికి తీసి తూస్తారు. కణుతులు పెరిగితే ఆ చిన్న సంచి బరువెక్కుతుంది.

2000లో సెలెకాక్సిబ్ అనే నొప్పి మాత్రను ఇలాగే ఫిషర్ అనే ప్రయోగశాల జాతి ఆడ ఎలుకల్లోనూ, మగ చుంచెలుకల్లోనూ పరీక్షించారు. కణుతులు బాగా తగ్గాయి. తర్వాత బ్రిటన్‌లో బాక్సిట్ అనే పరీక్షలో 472 మంది రోగులు చేరారు. 2019లో వచ్చిన ఫలితం: మామూలు చికిత్సకు ఈ మాత్ర జోడించినా, క్యాన్సర్ తిరగబెట్టడం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు.

ఎలుకలు మోసం చేశాయా? లేదు, గిన్నె మారింది. ఆ రోగులకు కణితి అప్పటికే వచ్చింది, వైద్యులు తీసేశారు. అంటే తోడుకున్న పెరుగును తీసేసిన గిన్నె అది. అంచులకు, అడుగున ఇంకా అంటుకునే ఉంటుంది. ఎలుకలకు మందు పడింది పాలు పాలలాగే ఉన్నప్పుడు. మందు ఎప్పుడు మొదలుపెట్టారన్నది వార్తలో వెతకండి, సగం సంగతి అక్కడే తెలుస్తుంది.

సమయం అయిపోతోంది, మిగతాది గబగబా చెబుతాను. నాప్రోక్సెన్ అనే మరో నొప్పి మాత్రను ఎలుకలకు కొన్ని నెలలు ఆలస్యంగా మొదలుపెట్టినా కణుతులు తగ్గాయి. అది కడుపులో పుండ్లు చేస్తుంది కాబట్టి మధ్య మధ్య ఆపుతూ ఇచ్చి చూశారు, కడుపులో ఆమ్లాన్ని తగ్గించే ఒమెప్రజోల్‌తో కలిపీ ఇచ్చి చూశారు. అప్పుడూ తగ్గాయి. అయినా ఎలుక కడుపు, మన కడుపు ఒకటి కావు. దయచేసి ఇది చూసి మందుల దుకాణానికి వెళ్లకండి.