ఆర్బిటర్ సిమ్యులేటర్‌లోకి అమాల్థియా

వ్యాఖ్యాత: శ్రోతలందరికీ నమస్కారం. మార్టిన్ ష్వైగర్ 2000లో తొలిసారి విడుదల చేసి, 2021లో సోర్స్ కోడ్‌ను అందరికీ అందుబాటులో పెట్టిన ఆర్బిటర్ అనే అంతరిక్షయాన సిమ్యులేటర్‌లోకి గురుగ్రహపు చిన్న చంద్రుడైన అమాల్థియాను చేర్చడం ఎలాగన్నదే ఈ భాగంలో మన విషయం. ఆ పని చేసిన మిత్రులొకరు మనతో ఉన్నారు. నమస్కారమండీ. గురుగ్రహానికి ఇన్ని చంద్రులుండగా దీన్నే ఎందుకు ఎంచుకున్నారు?

అతిథి: నమస్కారమండీ. అయో, యూరోపా, గానిమీడ్, కలిస్టో నాలుగూ ఆర్బిటర్ మూల ప్యాకేజీతోనే వస్తాయి. అయో కన్నా లోపలగా, గురుగ్రహ కేంద్రానికి దాదాపు 1,81,400 కి.మీ. దూరంలో తిరిగే అమాల్థియాను 1892 సెప్టెంబరు 9న ఎడ్వర్డ్ ఎమర్సన్ బర్నార్డ్ కాలిఫోర్నియాలోని లిక్ అబ్జర్వేటరీలో, 36 అంగుళాల టెలిస్కోపుతో కనిపెట్టాడు. ఫొటోల సాయం లేకుండా, కేవలం కంటితో టెలిస్కోపులో చూసి కనిపెట్టిన చివరి గ్రహ చంద్రుడు అదే. ఆ ముచ్చట నాకు ఇష్టమైనదే కానీ, అసలు కారణం వేరు. అంత పెద్ద గ్రహానికి అంత దగ్గరగా తిరుగుతున్నందువల్ల, సిమ్యులేటర్లు లెక్కల్లో తీసుకునే అడ్డదారులన్నిటినీ ఈ చంద్రుడు బయటపెట్టేస్తాడు.

వ్యాఖ్యాత: బయటివాళ్లకు ఇదంతా ఒక గోళం పెట్టి, దానికి ఫొటో అతికించే పనిలా కనిపిస్తుంది.

అతిథి: ఫొటో సంగతి చాలా తొందరగా తేలిపోతుందండీ. గురుగ్రహం చుట్టూ తిరిగిన నాసా నౌక గెలీలియో 2000 జనవరిలో తీసిన మేలైన చిత్రాల్లోనే ఒక్కో పిక్సెల్ 2.4 కి.మీ. మేర ఉంటుంది. దాదాపు 100 కి.మీ. వెడల్పున్న పాన్ బిలం, దానికన్నా చిన్నదైన గేయా బిలం, కొన్ని తెల్లని మచ్చలు, ఎర్రటి నేల, వీటికి మించి మనకు తెలిసింది పెద్దగా లేదు. తెలియని చోట కంప్యూటర్‌తో గుంటలు పుట్టించి నింపేవాళ్లున్నారు. నేనైతే ఆ చోటును మసకగానే వదిలేయడం నిజాయితీ అనుకుంటాను. తర్వాత, గ్రహవ్యవస్థ కాన్ఫిగరేషన్ ఫైల్లో గురుగ్రహం కింద ఒక కొత్త వరుస రాయాలి. చంద్రుడికి విడిగా ఒక ఫైల్ పెట్టి అందులో ద్రవ్యరాశి, వ్యాసార్ధం, భ్రమణకాలం, కక్ష్య వివరాలు ఇవ్వాలి. 2002 నవంబరు 5న గెలీలియో దగ్గరగా వెళ్లినప్పుడు దాని రేడియో సంకేతంలో వచ్చిన మార్పును బట్టి ద్రవ్యరాశి లెక్కగట్టారు కాబట్టి ఆ అంకె మనకు దొరుకుతుంది: 20,800 కోట్ల కోట్ల కిలోలు. సాంద్రత నీటికన్నా తక్కువ. ఇంతవరకూ గంటలో అయ్యే పని. తలనొప్పి కక్ష్య దగ్గర మొదలవుతుంది.

వ్యాఖ్యాత: కక్ష్య వివరాలు నాసా వారి జేపీఎల్ ప్రయోగశాల పట్టికల్లో ఉంటాయి కదా. వాటిని తెచ్చి అలాగే రాస్తే సరిపోదా?

అతిథి: సరిపోదండీ. సగటు దూరం 1,81,366 కి.మీ. అని పట్టికలో ఉన్నదాన్ని ఫైల్లో రాసి, దూరాన్ని బట్టి చుట్టుకు పట్టే కాలాన్ని చెప్పే కెప్లర్ సూత్రం ప్రకారం తిప్పమని ఆర్బిటర్‌కు చెప్పామనుకోండి. గురుగ్రహం ద్రవ్యరాశిని బట్టి అది కట్టే పరిభ్రమణకాలం 11 గంటల 58 నిమిషాల 37 సెకన్లు వస్తుంది. నిజమైన అమాల్థియా 11 గంటల 57 నిమిషాల 23 సెకన్లకే చుట్టు పూర్తి చేస్తుంది. ఒక్క చుట్టులోనే 74 సెకన్ల తేడా అన్నమాట. సెకనుకు 26.4 కి.మీ. వేగంతో పరుగెత్తే చంద్రుడి విషయంలో 74 సెకన్లంటే దాదాపు 1,950 కి.మీ. ఏడాదికి 733 చుట్లు కాబట్టి, సంవత్సరం తిరిగేసరికి మన చంద్రుడు అసలు చంద్రుడికన్నా ఒక పూర్తి చుట్టుకు పైగా వెనకబడిపోతాడు.

వ్యాఖ్యాత: ఆ తేడా ఎక్కణ్ణుంచి వచ్చింది? పట్టికలో తప్పు లేదు, కెప్లర్ సూత్రంలోనూ తప్పు లేదు.

అతిథి: రెండూ ఒప్పే. కానీ గురుగ్రహం గుండ్రని బంతి కాదు. పది గంటలలోపే తన చుట్టూ తాను తిరిగే గ్రహం కాబట్టి మధ్యరేఖ దగ్గర బాగా ఉబ్బి ఉంటుంది. ఆ ఉబ్బు వల్ల మధ్యరేఖకు ఎగువన ఉన్న అమాల్థియా మీద ఆకర్షణ కొంచెం పెరుగుతుంది. పెరుగుదల వెయ్యింట మూడున్నర వంతులే అయినా, మీరు అడిగిన 74 సెకన్లూ పుట్టేది అక్కడే. అదే ఉబ్బు కక్ష్యాతలాన్ని కూడా తిప్పుతుంది. మన చందమామ కక్ష్యాతలం ఒకసారి తిరగడానికి 18.6 సంవత్సరాలు పడితే, అమాల్థియాది రోజుకు రెండున్నర డిగ్రీల చొప్పున, ఏడాదికి దాదాపు 914 డిగ్రీలు తిరుగుతుంది. కక్ష్య వాలు డిగ్రీలో సగం కూడా లేదు కదా అని దాన్ని వదిలేస్తే, చంద్రుడు మధ్యరేఖకు పైకీ కిందికీ వెళ్లే 1,200 కి.మీ.ల ఊగిసలాట తప్పు సమయాల్లో జరుగుతుంది.

వ్యాఖ్యాత: దీనికి చాలామంది చేసే సర్దుబాటు ఒకటుందని విన్నాను.

అతిథి: ఉందండీ. దూరాన్ని సుమారు 207 కి.మీ. తగ్గించి 1,81,159 అని రాస్తే, కెప్లర్ సూత్రమే సరైన పరిభ్రమణకాలాన్ని ఇచ్చేస్తుంది. చంద్రుడు ఉండవలసిన చోటికి 200 కి.మీ. లోపలగా ఉంటాడు కానీ సమయం మాత్రం తప్పడు. దూరం నుంచి గురుగ్రహాన్ని చూసుకుంటూ వెళ్లేవాడికి ఇది చాలు. నౌకను అమాల్థియా దగ్గరకు తీసుకెళ్లి దిగాలనుకునేవాడికి మాత్రం ఈ సర్దుబాటు పెద్ద చిక్కు తెచ్చిపెడుతుంది.

వ్యాఖ్యాత: సమయం సరిపోయాక ఇంకేం చిక్కు?

అతిథి: ఆర్బిటర్‌లో నాన్‌స్ఫెరికల్ గ్రావిటీ సోర్సెస్ అనే ఆప్షన్ ఒకటుంది. దాన్ని ఆన్ చేస్తే గురుగ్రహపు ఉబ్బు ప్రభావం నౌకల మీద పడుతుంది. కానీ సూత్రం గీసిన దారిలో నడిచే మన చంద్రుడికి ఆ ఉబ్బు సంగతే తెలియదు. దాంతో పక్కపక్కనే ఉన్న నౌకకూ చంద్రుడికీ గురుగ్రహం వైపు లాగుడులో సెకనుకు సెకనుకు 0.013 మీటర్ల తేడా వస్తుంది. వినడానికి ఏమీ కాదనిపిస్తుంది. అయితే అమాల్థియా ఉపరితల గురుత్వమే దాదాపు 0.02. అంటే లెక్కల పొరపొచ్చం నుంచి పుట్టిన దొంగ బలం, ఆ చంద్రుడి సొంత బలంలో మూడింట రెండు వంతులు ఉంటుందన్నమాట. పెద్ద చంద్రుల దగ్గర ఇదే రకం లోపం కంటికి కనిపించకుండా పోతుంది. చిన్నవాడి దగ్గర నౌకను నడపనివ్వదు.

వ్యాఖ్యాత: మరి మీరు ఏ దారి పట్టారు?

అతిథి: దారులు రెండున్నాయి. ఉబ్బు ఆప్షన్‌ను ఆఫ్ చేసి, సర్దిన దూరంతో సరిపెట్టుకోవచ్చు. అప్పుడు నౌకా చంద్రుడూ ఒకే అబద్ధాన్ని నమ్ముతాయి కాబట్టి గొడవ ఉండదు. లేదా ఆప్షన్‌ను ఆన్‌లో ఉంచి, అసలు దూరం, అసలు పరిభ్రమణకాలం, తిరిగే కక్ష్యాతలం మూడింటినీ లెక్కగట్టి చంద్రుడి స్థానాన్ని ఆర్బిటర్‌కు అందించే చిన్న మాడ్యూల్‌ను సీ ప్లస్ ప్లస్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాయాలి. నేను రెండోదే చేశాను. అది పాండిత్య ప్రదర్శన కోసం కాదు. ఆ మాడ్యూల్ లెక్కలో చంద్రుడి త్వరణమూ, ఉబ్బుతో కలిపి నౌక మీద పడే ఆకర్షణా ఒకదానికొకటి సరిపోతాయి. వాటిలో ఒకదాన్ని మాత్రం సరిదిద్ది రెండోదాన్ని వదిలేయడం, రెండింటినీ వదిలేయడం కన్నా చెడ్డది.

వ్యాఖ్యాత: ఆకారం మాటేమిటి? ఇది బంగాళాదుంపలా ఉంటుందంటారు.

అతిథి: అవునండీ, సుమారు 250 కి.మీ. పొడవు, 146 వెడల్పు, 128 ఎత్తు. ఆర్బిటర్ దృష్టిలో చంద్రుడంటే గోళమే. 2016 వెర్షన్ నుంచి నేల ఎత్తుపల్లాలు వచ్చాయి కాబట్టి, 83.5 కి.మీ. సగటు వ్యాసార్ధం ఇచ్చి, పొడుగు కొసలను 40 కి.మీ.కు పైగా ఎత్తున్న కొండలుగా చూపించవచ్చు. చూడడానికి ఫరవాలేదు, కానీ గురుత్వం మాత్రం కేంద్రం నుంచే లెక్కకు వస్తుంది. ఇక్కడ భ్రమణకాలాన్ని కూడా జాగ్రత్తగా చూసుకోవాలి. పొడుగు కొస ఎప్పుడూ గురుగ్రహం వైపే ఉండాలంటే భ్రమణకాలమూ పరిభ్రమణకాలమూ సెకనుతో సహా ఒకటే కావాలి. లేకపోతే కొస చుట్టుకు అర డిగ్రీకి పైగా పక్కకు జరిగిపోతూ ఉంటుంది.

వ్యాఖ్యాత: అన్నీ సరిగ్గా పెట్టాక నౌకను దాని చుట్టూ కక్ష్యలో నిలపవచ్చా?

అతిథి: మామూలు అర్థంలో కుదరదండీ. అమాల్థియా ఆకర్షణదే పైచేయిగా ఉండే పరిధి దాని కేంద్రం నుంచి 130 కి.మీ. మాత్రమే, పొడుగు కొసేమో 125 కి.మీ. దగ్గరే ఉంది. నౌక రెండు మూడు చుట్లు తిరిగేలోపే గురుగ్రహం లాగేసుకుంటుంది. యాడ్-ఆన్, అంటే ఇలా సిమ్యులేటర్‌కు మనం అదనంగా చేర్చిన భాగం, పాడైందని చాలామంది అనుకునేది ఇక్కడే, కానీ అలా జారిపోవడమే సరైన ప్రవర్తన.

వ్యాఖ్యాత: అయితే యాడ్-ఆన్ నిజంగా పాడైందో లేదో ఎలా తెలుస్తుంది?

అతిథి: నేను చేసే పరీక్ష ఒకటి చెబుతాను. ఎత్తుపల్లాలను తీసేసి, గోళంగానే ఉంచి, నేలకు కిలోమీటరు ఎత్తున నౌకను కదలకుండా నిలిపి వదిలేయండి. ధ్రువం దగ్గర అది దాదాపు 5 నిమిషాల్లో నేలను తాకాలి. గురుగ్రహానికి ఎదురుగా ఉన్న వైపు, గ్రహం లాగుడు బరువులో నాలుగో వంతుకు పైగా తగ్గించేస్తుంది కాబట్టి 6 నిమిషాలు దాటాలి. అవతలి వైపు కూడా అంతే సమయం పట్టాలి. ఎదుటి వైపు 20 నిమిషాలు దాటినా కింద పడకుండా వేలాడుతూ, అవతలి వైపు మాత్రం నాలుగున్నర నిమిషాలకే పడిపోతోందంటే, మీ చంద్రుడికి తెలియని ఉబ్బు మీ నౌకకు తెలిసిందని అర్థం. వెంటనే ఆ ఆప్షన్ ఆఫ్ చేసి మళ్లీ వదిలి చూడండి.