సత్యోపదేశం టీచరు మీ ఇంటికి రారు

[తెరపై: మత్తడి దూకుతున్న చెరువు. తరువాత ప్రెజెంటర్.]

ఆదివారం పూజ ముగిశాక మన కతోలిక గుడి మెట్ల దగ్గర కాసేపు నిలబడండి. ఈ మాట వినపడక మానదు: "మావాడికి మంగళవార్త జపం ఇంకా సగమే వచ్చు. సత్యోపదేశం క్లాసులో అసలు ఏం నేర్పుతున్నారో!" పక్కనే ఇంకొకరు అందుకుంటారు: "మేము సిస్టర్ల స్కూల్లో వేశాం. ఇక ఆ సంగతి వాళ్లే చూసుకుంటారు."

ఈ మాటలు విన్నప్పుడల్లా నాకు చిర్రెత్తుకొస్తుంది. పాపం, పిల్లలకు మన విశ్వాసం నేర్పే ఆ క్లాసు చెప్పేది ఎవరు? డిగ్రీ చదువుకునే అమ్మాయో, రిటైరైన మాస్టారో. చాలాచోట్ల జీతం కూడా ఉండదు. పూజ అయ్యాక ఆకలితో నకనకలాడే పిల్లల గుంపును కూర్చోబెట్టి, ఒక్క గంటలో దేవుణ్ణి పరిచయం చేయాలి. వారానికి 168 గంటలు. పూజకు ఒక గంట, క్లాసుకు ఒక గంట. మిగిలిన 166 గంటల్లో బడి తీసేయండి, నిద్ర తీసేయండి. ఇంకా బోలెడంత మిగులుతుంది. ఆ మిగిలినదంతా ఎవరి చేతిలో ఉంది?

సరే, కోపం పక్కన పెట్టి అసలు విషయానికి వస్తాను. ఈ సంగతి నాకు ఎప్పుడూ చెరువు రూపంలోనే అర్థమవుతుంది. పాకాల, రామప్ప, లక్నవరం చూస్తూ పెరిగిన వాళ్లకు చెరువు గురించి కొత్తగా చెప్పాల్సిందేమీ లేదు. వానలు పడ్డాయి, చెరువు నిండింది, మత్తడి దూకుతోంది. ఊరంతా వెళ్లి చూసి, ఫోటోలు దిగి వస్తుంది. సంతోషమే. కానీ మత్తడి దూకినంత మాత్రాన మీ మడి తడుస్తుందా? తూము తెరవాలి. పెద్ద కాలువలో నీళ్లు రావాలి. అక్కడి నుంచి మీ పొలానికి వచ్చే పిల్లకాలువలో పూడిక ఉండకూడదు. చివరకు మీరే పార భుజాన వేసుకుని వెళ్లి ఒడ్డు తెంపి నీళ్లు మళ్లించుకోవాలి. ఊరి నీళ్లు వదిలే నీరటి తూము దగ్గర తన పని తాను చేస్తాడు. మీ మడి తడిసిందా లేదా అని చూసుకోవాల్సింది మీరు.

ఆదివారం దివ్యబలిపూజ, జ్ఞానస్నానం వంటి దేవసంస్కారాలు, పండుగలు, మే నెలలో మరియమాత ప్రార్థనలు, ఇవన్నీ నిండు చెరువు. ఫాదరు, సిస్టర్లు, ఫాదరుకు బోధనలో సాయపడే ఉపదేశి, క్లాసు చెప్పే ఆ అమ్మాయి, వీళ్లంతా తూము దగ్గరి మనుషులు. ఇల్లు పిల్లకాలువ. "ఈ రోజుల్లో గుడిలో ఏమీ నేర్పడం లేదు" అని గోల పెట్టేవాళ్లలో చాలామంది, తమ కాలువలో తుమ్మ మొలిచి ఎన్నాళ్లయిందో చూసుకోరు.

ఇది నేను కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. ప్రపంచంలోని కతోలిక బిషప్పులు కూడిన రెండవ వాటికన్ మహాసభ 1964లో శ్రీసభ, అంటే కతోలిక సంఘం గురించి వెలువరించిన పత్రంలో కుటుంబాన్ని గృహ శ్రీసభగా పేర్కొంది. మాట ద్వారా, నడవడి ద్వారా తల్లిదండ్రులే తమ పిల్లలకు మొదటి విశ్వాస బోధకులు కావాలన్నది. 1965లో విద్య గురించి చేసిన ప్రకటన ఇంకా ఘాటుగా ఉంటుంది: తల్లిదండ్రులు చేయాల్సింది చేయకపోతే ఆ లోటు పూడ్చడం చాలా కష్టమని. 1983 నాటి శ్రీసభ చట్టంలో, పిల్లలు పూజలో పవిత్ర అప్పాన్ని తొలిసారి స్వీకరించే ప్రథమ సత్ప్రసాదం గురించిన 914వ నిబంధన చూడండి. పిల్లలను సిద్ధం చేసే బాధ్యత ముందు తల్లిదండ్రులది, ఆ తరువాత విచారణ, అంటే మన గుడి పరిధి, గురువుది. వరుస గమనించారా? మనమేమో తెల్ల బట్టలు కుట్టించడం, కేకు ఆర్డరు ఇవ్వడం మన వంతు, మిగతాదంతా ఫాదరు వంతు అనుకుంటాం.

[తెరపై: జ్ఞానస్నానం ఫోటో ఆల్బమ్]

పత్రాలు పక్కన పెట్టండి. మీ పాప జ్ఞానస్నానం ఆల్బమ్ తీయండి. మొదటి పేజీల్లో ఒక ఫోటో ఉంటుంది: ఫాదరు పాప నుదుటి మీద బొటనవేలితో సిలువ గుర్తు వేస్తుంటారు. ఆ తరువాత ఫోటోలో మీరే ఉంటారు, మీ చెయ్యి పాప నుదుటి మీద ఉంటుంది. ఆయన వేశాక తల్లిదండ్రులనూ, జ్ఞానతల్లిదండ్రులనూ వేయమంటారు కదా. అంతకు ముందే ఆయన మిమ్మల్ని ఒక ప్రశ్న అడిగారు. ఈ బిడ్డను విశ్వాసంలో పెంచే బాధ్యత మీరు తీసుకుంటున్నారు, అది మీకు స్పష్టంగా తెలుసు కదా అని. మీరు తెలుసన్నారు. జ్ఞానతల్లిదండ్రులను అడిగింది, ఈ తల్లిదండ్రులకు సాయపడతారా అని మాత్రమే. చివర్లో ఇచ్చిన ఆశీర్వాదంలో కూడా, మీరే ఈ బిడ్డకు విశ్వాస మార్గంలో తొలి గురువులని చదివారు. ఫోటోగ్రాఫరు "ఇటు చూడండి, ఇటు చూడండి" అంటున్న హడావిడిలో మనకు అదంతా చెవికెక్కలేదు, అంతే.

అందుకే నేను అందరికీ ముందుగా చెప్పేది ఇదే. జపమాల తరువాత, బైబిలు తరువాత. ముందు ఆ సిలువ గుర్తు మళ్లీ మొదలుపెట్టండి. ఉదయం స్కూలు బస్సు హారన్ కొడుతూ ఉంటుంది. ఒక కాలికి సాక్సు ఉంటుంది, రెండోదానికి ఉండదు. నోట్లో ఇడ్లీ ముక్క. సరిగ్గా ఆ స్థితిలోనే నుదుటి మీద బొటనవేలితో చిన్న సిలువ గుర్తు వేసి, "దేవుడు నిన్ను కాపాడుగాక" అనండి. రెండు సెకన్లు. "ఆశీర్వాదాలు ఫాదర్లు కదా ఇవ్వాలి?" అని ఒకాయన అడిగారు. తల్లిదండ్రులు పిల్లలను ఆశీర్వదించే ప్రార్థన శ్రీసభ ఆశీర్వాదాల గ్రంథంలోనే ఉంది. నిశ్చింతగా ఇవ్వండి. తల్లికి మాత్రమే కాదు, తండ్రికీ చెప్తున్నాను. అమ్మ జపమాల పట్టుకుని గోడ వైపు, నాన్న రిమోటు పట్టుకుని టీవీ వైపు కూర్చునే ఇంట్లో, ప్రార్థన అంటే ఏమిటో పిల్లలు వెంటనే గ్రహిస్తారు: అది ఆడవాళ్ల పని. దాన్ని ఏ ప్రసంగమూ మార్చలేదు.

ఇక సమయం. "ప్రతి సాయంత్రం ఏడు గంటలకు కుటుంబమంతా కూర్చోవాలి" అని కరపత్రాల్లో రాస్తారు. ఆ రాసినవాళ్లు ఎప్పుడైనా కాజీపేటలో లోకో పైలట్ ఇంటికి వెళ్లారా? గోదావరిఖనిలో, భూపాలపల్లిలో సింగరేణి షిఫ్టుల ఇల్లు చూశారా? ఫస్ట్ షిఫ్టు వారం ఒకలా ఉంటుంది, నైట్ షిఫ్టు వారం మరోలా ఉంటుంది. జగిత్యాల, నిజామాబాద్ వైపు వెళ్తే తండ్రి దుబాయిలో ఉంటాడు. నీళ్లు వదిలే వేళ మన ఇష్టప్రకారం ఉండదు. తూము అర్ధరాత్రి తెరిస్తే రైతు అర్ధరాత్రే పార తీసుకుని వెళ్తాడు. మీ ఇంట్లో అందరూ కలిసేది రాత్రి అన్నం దగ్గరైతే ప్రార్థన అక్కడే. నాన్న ఉదయం పదకొండుకు నిద్ర లేస్తే, సెలవు రోజున అప్పుడే. దుబాయి నుంచి వీడియో కాల్ వచ్చినప్పుడు "తిన్నావా, పైసలు అందాయా" అయ్యాక ఒక పరలోక జపం చెప్పుకోండి. అవతలి గదిలో ఆయన పక్కన ఇంకో అయిదుగురు ఉంటారు, ఆయన గొంతు తగ్గిస్తాడు. పరవాలేదు.

ఏం చేయాలి మరి? పది నిమిషాలు చాలు. సిలువ గుర్తు. ఆ రోజు దేవుడికి ఎందుకు కృతజ్ఞతలు చెప్పాలో ఒక్కొక్కరూ ఒక్కో మాట. మీ చిన్నవాడు "ఈరోజు కోడికూర వండినందుకు" అంటే నవ్వి పాడుచేయకండి, అది నిఖార్సైన కృతజ్ఞత. తరువాత ఎవరికోసం ప్రార్థించాలో పిల్లలను అడగండి. తాతయ్య మోకాళ్లు, క్లాసులో జ్వరం వచ్చిన పిల్లవాడు, ఈనబోతున్న మేక, అన్నీ వస్తాయి. ఒక పరలోక జపం, ఒక మంగళవార్త జపం, త్రిత్వస్తోత్రం. శనివారమైతే మర్నాడు పూజలో చదివే సువిశేషం ఇంట్లో ముందే ఒకసారి చదవండి, అక్షరాలు కూడబలుక్కుని చదివే పిల్లే చదవాలి. ఆదివారం పీఠం దగ్గర అదే వినిపించగానే ఆ పిల్ల మోచేత్తో మిమ్మల్ని పొడుస్తుంది: "ఇది నాకు తెలుసు!"

"అంత చిన్న ప్రార్థనా? మా ఇంట్లో పూర్తి జపమాల ఉండేది" అనే పెద్దవాళ్లు ఉన్నారు. జపమాల గొప్పది, నేను కాదనను. అయిదు రహస్యాలకు, అంటే పదేసి పూసల అయిదు భాగాలకు, ఇరవై నిమిషాలు పడుతుంది. ఇక్కడ మీకు ఫాతిమా పిల్లల సంగతి చెప్పాలి. మన వరంగల్ మేత్రాసన కథెడ్రల్, అంటే బిషప్పు గారి ప్రధాన గుడి, ఫాతిమామాత పేరు మీదనే ఉంది, ఆ పేట కూడా ఫాతిమానగరే. కానీ ఈ ముక్క మాత్రం చాలామందికి తెలియదు.

1917లో పోర్చుగల్‌లో మరియమాత దర్శనం పొందిన ముగ్గురిలో లూసియాకు పదేళ్లు, జసింతకు ఏడు, ఫ్రాన్సిస్కోకు తొమ్మిది నిండబోతున్నాయి. గొర్రెలు కాసే పిల్లలు. మధ్యాహ్నం సద్ది తిన్నాక జపమాల చెప్పుకోవాలని ఇంట్లో పెద్దవాళ్ల ఆజ్ఞ. వీళ్లకేమో ఆటకు రోజంతా చాలదు. అందుకని ఒక ఉపాయం కనిపెట్టారు: పూసలు తిప్పుతూ "మరియమ్మా వందనం, మరియమ్మా వందనం" అని వాళ్ల భాషలోని మంగళవార్త జపం మొదటి మాటలు మాత్రమే అనడం, రహస్యం చివర కాస్త ఆగి "పరలోకమందుండెడి తండ్రీ" అనేసి ముందుకు పోవడం. కన్నుమూసి తెరిచేలోగా జపమాల పూర్తి! ఇది లూసియా పెద్దయ్యాక తన జ్ఞాపకాల్లో స్వయంగా రాసింది. ఆ పిల్లల్లో ఇద్దరిని, ఫ్రాన్సిస్కోను, జసింతను, 2017 మే 13న శ్రీసభ పునీతులుగా ప్రకటించింది.

నాకు ఈ కథ ఎందుకు ఇష్టమంటే, ఇందులో నేర్పింది ఇల్లు. వాళ్ల చేతికి పూసలిచ్చింది, తిన్నాక చెప్పుకోవాలని అలవాటు చేసింది కన్నవాళ్లు. పిల్లలు దాన్ని సగానికి సగం కోసేశారు. అయినా కాలువ ఉంది, పారింది. మీ వాడు "దేవవరప్రసాదముచేతనిండినమరియమ్మా" అని ఒక్క గుక్కలో మింగేస్తే వీపు మీద ఒకటి వేసి మళ్లీ మొదటి నుంచి చెప్పించే తల్లిదండ్రులు ఈ కథను ఇంకోసారి వినాలి.

చెరువు పోలికను మరీ సాగదీస్తున్నానని తెలుసు, ఇంకొక్కటి చెప్పి వదిలేస్తాను. నాటు వేసిన కొత్తలో మడి నిండా నీళ్లు పెడతారా? నారు మునిగి కుళ్లిపోతుంది. పలుచగా పెట్టి, పెరిగే కొద్దీ పెంచుతారు. ఆరేళ్లవాణ్ణి గంటసేపు మోకాళ్ల మీద ఉంచి, కదిలితే తిట్టి, నిద్రపోతే నీళ్లు చల్లే ఇళ్లున్నాయి. వాళ్లది భక్తే, కాదనను. కానీ ఆ పిల్లలు ఇంటర్‌లో హాస్టలుకు వెళ్లగానే మొదట వదిలేసేది ఆ మోకాళ్ల ప్రార్థననే.

[తెరపై: మూడు ప్రశ్నలు]

కెమెరా వెనక నుంచి సైగలు వస్తున్నాయి, గబగబా చెప్పేస్తాను.

హాస్టలు పిల్లలు. వీళ్లది ఆయకట్టు చివరి పొలం, నీళ్లు ఆలస్యంగా అందుతాయి. ప్రతి ఫోనులో "పూజకు వెళ్లావా?" అని హాజరు తీసుకోకండి, అబద్ధం చెప్పడం నేర్పినట్టవుతుంది. "నీకోసం ఏమని ప్రార్థించమంటావు?" అని అడిగి, ఆ రాత్రి నిజంగానే ప్రార్థించి, మర్నాడు చెప్పండి.

భార్యాభర్తల్లో ఒకరే కతోలికులైతే? పిల్లలకు జ్ఞానస్నానం ఇప్పించి కతోలికులుగా పెంచడానికి తన శక్తిమేరకు ప్రయత్నిస్తానని కతోలిక భాగస్వామి పెళ్లికి ముందే మాట ఇస్తారు. రెండోవారికి ఆ సంగతి తెలియజేస్తారు, వాళ్ల దగ్గర మాట తీసుకోరు. కాబట్టి భారం మీది, బలవంతం ఎవరి మీదా వద్దు. బతుకమ్మ పేర్చే నానమ్మతో తగువు పెట్టుకోమని ఆ మాటలో ఎక్కడా లేదు.

ఈస్టరుకు ముందు వచ్చే తపస్కాలం. శ్రీసభ చట్టం ప్రకారం మాంసం మానే నియమం 14 ఏళ్లు నిండాక, ఉపవాసం 18 నుంచి 59 నిండేవరకు. చిన్నపిల్లలకు ఏ నియమమూ లేదు, కానీ తపస్సు అంటే ఏమిటో తెలిసేలా పెంచమని అదే నిబంధన గురువులకూ తల్లిదండ్రులకూ చెబుతుంది. ఒక ఖాళీ డబ్బా పెట్టండి, మానేసిన చాక్లెట్ల డబ్బులు అందులో వేయించండి, ఈస్టరుకు ముందు ఎవరికివ్వాలో పిల్లలనే తేల్చనివ్వండి. క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలంలో నాలుగు వారాలకు నాలుగు కొవ్వొత్తులు, మూడు ఊదా, మూడో ఆదివారానిది గులాబీ. క్రిస్మస్ పశువుల పాకకు ప్లాస్టిక్ గడ్డి కొనకండి, మన దగ్గర వరిగడ్డికి కొదవా?

ఆఖరుది, జ్ఞానస్నానం తేదీ. పోప్ ఫ్రాన్సిస్ చాలాసార్లు అడిగేవారు, మీ జ్ఞానస్నానం తేదీ మీకు తెలుసా అని. పుట్టినరోజుకు కేకు కోస్తాం, ఈ తేదీ ఎవరికీ గుర్తుండదు. ఆ రోజు ఇచ్చిన కొవ్వొత్తి మీ బీరువాలో, ఆల్బమ్ పక్కనే ఎక్కడో ఉండాలి, దాన్ని ఏటా అదే తేదీన వెలిగించవచ్చు. తేదీ తెలియకపోతే జ్ఞానస్నానం ఇచ్చిన విచారణ రిజిస్టరులో ఉంటుంది, ఇప్పుడు మీరు వెళ్లే విచారణలో కాదు. తల్లిదండ్రుల పేర్లు, సుమారుగా ఏ ఏడాదో చెబితే వెతకడం తేలిక. ఆదివారం పూజ అయ్యాక మాత్రం అడగకండి, ఆ రద్దీలో రిజిస్టరు ఎవరూ తీయలేరు. మామూలు రోజు ఉదయం ఆఫీసుకు వెళ్లండి.