సెక్షన్లకు కొదవ లేదు, దర్యాప్తు చేసేవాళ్లే చాలడం లేదు

అందరికీ నమస్కారం.

సైబర్ నేరాల మీద ఎక్కడ సభ పెట్టినా, ఇంకా కఠినమైన చట్టం తేవాలన్న మాట తప్పకుండా వినబడుతుంది. ఆ మాటతో నేను ఏకీభవించను. మన దేశంలో ఐటీ (సమాచార సాంకేతిక) చట్టం 2000లోనే వచ్చింది. 2008లో చేసిన పెద్ద సవరణలు 2009 అక్టోబర్ 27 నుంచి అమల్లో ఉన్నాయి. ఇంకొకరి పాస్‌వర్డ్ దొంగిలించి వాడితే 66సి, మరొకరి పేరు చెప్పుకుని ఆన్‌లైన్‌లో మోసం చేస్తే 66డి. రెండింటికీ మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 318(4) కింద చీటింగ్‌కు ఏడేళ్ల దాకా శిక్ష వేయవచ్చు.

సెక్షన్ పెంచితే పని జరుగుతుందనుకుంటే ఆన్‌లైన్‌లో అభ్యంతరకరమైన సందేశాలు పంపితే శిక్షించే 66ఎ సంగతి గుర్తు తెచ్చుకోవాలి. 2012లో మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో బంద్ మీద ఫేస్‌బుక్‌లో నాలుగు మాటలు రాసిన అమ్మాయిని, దానికి లైక్ కొట్టిన ఇంకో అమ్మాయిని అరెస్టు చేశారు. 2015 మార్చి 24న సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌నే కొట్టేసింది. అయినా ఆ తర్వాత కూడా దాని కింద కేసులు పెడుతూనే ఉంటే, ఇక పెట్టొద్దని 2022లో కోర్టు మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

అసలు చిక్కు 78వ సెక్షన్‌లో ఉంది. ఐటీ చట్టం కింద నమోదైన నేరాన్ని ఇన్‌స్పెక్టర్ హోదాకు తగ్గని అధికారే దర్యాప్తు చేయాలి. మన మండలాల్లో చాలా స్టేషన్లకు ఎస్సైయే పెద్ద. బాధితుడు ఆయన ముందు కూర్చుని ఎంత మొత్తుకున్నా, ఈ చట్టం కింద దర్యాప్తు మాత్రం సీఐ చేయాల్సిందే. ఆ సీఐ చేతిలో అప్పటికే హత్య కేసులు, బందోబస్తులు, కోర్టు వాయిదాలు. పాపం, ఆయన మాత్రం ఎన్నని చూస్తాడు?

ఈలోగా డబ్బు ఆగదు. మొదటి ఖాతాలో పడ్డ సొమ్ము నిమిషాల్లో ముక్కలై నాలుగైదు ఖాతాలకు పాకుతుంది. అందుకే 1930 హెల్ప్‌లైన్ పెట్టారు. ఫోన్ చేయగానే మీ బ్యాంకు ఏది, ఎంత పోయింది, ఎప్పుడు పోయింది, లావాదేవీ నంబర్ ఎంత అని అడుగుతారు. ఆ నంబర్ మీ బ్యాంకు ఎస్సెమ్మెస్‌లోనే ఉంటుంది, టెన్షన్‌లో ఆ మెసేజ్ చెరిపేయకండి. ఆ వివరాలు పట్టుకుని బ్యాంకులు సొమ్ము ఎక్కడ దొరికితే అక్కడ ఆపేస్తాయి. గంట ఆలస్యమైతే ఆపడానికి అక్కడ ఏమీ మిగలకపోవచ్చు.

ఆ నాలుగైదు ఖాతాలు ఎవరివో తెలుసా? చాలాసార్లు కమీషన్‌కు ఆశపడి ఏటీఎం కార్డు, సిమ్ ఇచ్చేసిన కుర్రాళ్లవి. ఖాతా మాత్రమే ఇచ్చాను అంటే పోలీసులు ఊరుకోరు బాబూ, మోసంలో భాగస్వామిగా నిన్నే ముందు పట్టుకుంటారు. నాకు కోపం కంటే బాధ ఎక్కువ కలిగేది ఇక్కడే. అసలు సూత్రధారి ఇంకో రాష్ట్రంలోనో, దేశం బయటో ఉంటాడు. కేసులో ఇరుక్కునేది డిగ్రీ కుర్రాడు.

అన్నట్టు, పోలీసులమని చెప్పి వీడియో కాల్‌లోనే మిమ్మల్ని అరెస్టు చేశామని బెదిరించే డిజిటల్ అరెస్ట్ అనేది మన చట్టంలో ఎక్కడా లేదు. వీడియో కాల్‌లో ఖాకీ చొక్కా కనబడితే వెంటనే ఫోన్ పెట్టేయండి.

నేను కోరేది ఒక్కటే. శిక్షణ పొందిన ఎస్సైలు కూడా దర్యాప్తు చేసేలా 78వ సెక్షన్‌ను సవరించాలి. 2008 సవరణకు ముందు ఈ అధికారం డీఎస్పీలకే ఉండేది, దాన్ని ఇన్‌స్పెక్టర్ల దాకా దించింది పార్లమెంటే. ఇంకో మెట్టు దించమని మీ ఎంపీని అడగండి.