స్కాట్లాండ్ రికార్డుల్లో దొరికిన మనిషి మన మనిషేనా? ఎలా తేల్చుకోవాలి

నమస్తే అండీ. స్కాట్లాండ్ ప్రభుత్వ పాత రికార్డులుండే స్కాట్లాండ్స్‌పీపుల్ సైట్‌లో అకౌంట్ తెరిచారు, మీ పూర్వీకుడి పేరు కొట్టారు, దొరికింది. బాగుంది. కానీ దొరికిన మనిషి మన మనిషేనా? ఈ వీడియో అంతా దాని గురించే. సికింద్రాబాద్‌లో స్కాట్లాండ్ మూలాలున్న ఆంగ్లో ఇండియన్ కుటుంబాలవాళ్ళకీ, స్కాట్లాండ్ అమ్మాయినో అబ్బాయినో పెళ్ళి చేసుకున్న మనవాళ్ళకీ బాగా పనికొస్తుంది.

ఉదాహరణకి ఒక పేరు అనుకుందాం. అలెగ్జాండర్ రాబర్ట్‌సన్, పెర్త్‌షైర్‌లో బ్లెయిర్ అథోల్ పారిష్, అంటే ఒక చర్చి కిందకి వచ్చే ప్రాంతం. కావాలనే ఈ పేరు తీసుకున్నా, ఎందుకంటే ఆ చుట్టుపక్కల ఎటు చూసినా రాబర్ట్‌సన్‌లే. ఈయన 1887లో డండీలో చనిపోయాడు. మనకి తెలిసింది ఇంతే అనుకోండి.

ముందు మరణ రికార్డు. స్టాట్యుటరీ రిజిస్టర్స్, అంటే ప్రభుత్వ రిజిస్టర్లు, అందులో డెత్స్, పేరు, ఊరు, సెర్చ్. ఇదిగో వచ్చింది. లిస్టు ఫ్రీనే, అసలు పేజీ చూడాలంటే క్రెడిట్లు కొనాలి. తెరిచాను. స్కాట్లాండ్‌లో 1855 జనవరి 1 నుంచి ప్రభుత్వమే పుట్టుకలు, పెళ్ళిళ్ళు, మరణాలు రాస్తోంది. మరణ రికార్డులో తల్లిదండ్రుల పేర్లుంటాయి, తల్లి పుట్టింటి ఇంటిపేరు కూడా ఉంటుంది. అదే కాలం ఇంగ్లండ్ మరణ రికార్డుల్లో, పెద్దవాళ్ళవైతే, ఇది దొరకదు. ఇక్కడ చూడండి: తండ్రి డంకన్, తల్లి మార్గరెట్, పుట్టింటి పేరు స్టూవర్ట్. వయసు 54.

కానీ ఈ కాలమ్ చూడండి. వివరాలు చెప్పింది ఎవరు? అల్లుడు. మామగారి తల్లి పుట్టింటి పేరు అల్లుడికి ఎంత కచ్చితంగా తెలుస్తుంది? అందుకని పెళ్ళి రికార్డు కూడా తీయండి, తప్పకుండా. అందులో తల్లిదండ్రుల పేర్లు చెప్పింది స్వయంగా పెళ్ళికొడుకే. ఇదిగో 1858, వయసు 25, మళ్ళీ డంకన్, మళ్ళీ మార్గరెట్ స్టూవర్ట్. కలిసింది. పెళ్ళి 1855కి ముందైతే మాత్రం ఈ సౌకర్యం ఉండదు, చర్చి రిజిస్టర్లో సాధారణంగా వధూవరుల పేర్లతో సరిపెట్టేశారు.

సెన్సస్ గబగబా చూసేద్దాం. 1851లో వయసు 18, పుట్టింది బ్లెయిర్ అథోల్. ఓకే. 1841 సెన్సస్‌లో మాత్రం ఏ పారిష్‌లో పుట్టారో రాయలేదు. పైగా పదిహేను దాటినవాళ్ళ వయసుని ఐదుల లెక్కలోకి దించి రాశారు, 37 ఉంటే 35 అని. చిన్నపిల్లలది మాత్రం ఉన్నదున్నట్టే.

ఇప్పుడు పాత పారిష్ రిజిస్టర్లు. 1855కి ముందు అక్కడి అధికారిక చర్చి, చర్చ్ ఆఫ్ స్కాట్లాండ్, రాసినవి. సెర్చ్ కొడితే, చూడండి, ముగ్గురు అలెగ్జాండర్ రాబర్ట్‌సన్‌లు. ఒకరి తల్లిదండ్రులు వేరు, పక్కన పెట్టండి. మిగిలిన ఇద్దరూ, ఒకరికి 1829లో బాప్తిజం, ఒకరికి 1833లో. ఇద్దరికీ తండ్రి డంకన్, ఇద్దరికీ తల్లి మార్గరెట్ స్టూవర్ట్!

ఇక్కడ ఆగండి. ఇక్కడే నిదానంగా వెళ్ళాలి. మొదటిది కనపడగానే ఫ్యామిలీ ట్రీలో, అంటే వంశవృక్షంలో, పెట్టేసేవాళ్ళు చాలామంది, అది ఇంకో పదిమంది ట్రీల్లోకి కాపీ అయిపోతుంది.

రెండు అవకాశాలున్నాయి. ఒకటి, ఈ తల్లిదండ్రులు ఒకే పేర్లున్న రెండు వేర్వేరు జంటలు. బాప్తిజం ఎంట్రీలో చాలాసార్లు ఊరో, పొలమో రాసి ఉంటుంది, ఇదిగో ఇక్కడ. ఆ పేరు పట్టుకుని నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లాండ్ మ్యాప్స్ సైట్‌కి వెళ్ళండి. ఫ్రీ. నాకు అన్నిటికన్నా ఇష్టమైన సైట్ ఇది, మైలుకి ఆరంగుళాల లెక్కన గీసిన పాత ఆర్డినెన్స్ సర్వే (ప్రభుత్వ సర్వే సంస్థ) మ్యాపుల్లో చిన్న చిన్న పొలాల పేర్లు కూడా కనిపిస్తాయి. రెండు ఎంట్రీలదీ ఒకటే పొలం, 1841 సెన్సస్‌లో ఈ కుటుంబం ఉన్నదీ అక్కడే. సరే, జంట ఒక్కటే అనుకోవచ్చు.

అయితే రెండోది: మొదటి పిల్లాడు పోతే అదే పేరు తర్వాత పుట్టినవాడికి పెట్టారు. మనకి తాత పేరు మనవడికి పెట్టే అలవాటు ఉంది కదా, వాళ్ళకీ అంతే: పెద్దకొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు. ఆ పేరు పోనివ్వరు. ఇద్దరు తాతలదీ ఒకే పేరైతే, అరుదుగా, బతికున్న అన్నదమ్ములిద్దరికీ అదే పేరు ఉండేది కూడా.

మరి మొదటివాడు పోయాడని ఎలా తెలుస్తుంది? చాలా పారిష్‌లలో అప్పటి సమాధుల రికార్డే సరిగ్గా లేదు. 1841లో ఇంట్లో ఎనిమిదేళ్ళ అలెగ్జాండర్ ఒక్కడే ఉన్నాడు, నిజమే. కానీ పన్నెండేళ్ళవాడు ఇంకో పొలంలో పశువులు కాస్తూ ఉండొచ్చు. ఇంట్లో లేనంత మాత్రాన చనిపోయినట్టు కాదు. అందుకే వయసులు వరసగా పెట్టండి. 1851లో 18, పెళ్ళిలో 25, మరణంలో 54. మూడూ 1833కే వస్తున్నాయి. ఏడాదీ రెండేళ్ళూ అటూ ఇటూ జరగడం మామూలే, కానీ వేర్వేరు సమయాల్లో రాసిన ఈ మూడు వయసులూ ఒకేవైపు నాలుగేసి ఏళ్ళు జరగడం చాలా అరుదు. పెద్దవాడి కోసం 1851 సెన్సస్‌లో 22 ఏళ్ళవాడిని కూడా వెతకండి. దొరికితే అతని పెళ్ళి, మరణం చివరిదాకా తీయండి.

ఒక్క ఎంట్రీయే దొరికితే అదే మనదని కూడా అనుకోకండి. వేరే చర్చివాళ్ళ పిల్లలు ఈ రిజిస్టర్లలో చాలాసార్లు కనపడరు.

ఇంకో చిట్కా: కుటుంబంలో ఎవరికైనా 1855లోనే బిడ్డ పుట్టాడేమో చూడండి. ఆ ఒక్క సంవత్సరం జనన రికార్డులో తల్లిదండ్రుల వయసులు, పుట్టిన ఊళ్ళు, అంతకుముందు పిల్లలెంతమందో కూడా అడిగారు. మరుసటి ఏడాదే మానేశారు. దొరికితే బంగారమే.

స్టూవర్ట్ స్పెల్లింగ్ రకరకాలుగా ఉంటుంది కాబట్టి మొదటి రెండక్షరాల తర్వాత స్టార్ గుర్తు పెట్టి వెతకండి, ఇలా: St*.

సరే, 1833 అలెగ్జాండర్ని ట్రీలో పెడుతున్నా. నోట్‌లో ఏ రికార్డు ఏం చెప్పిందో రాస్తున్నా, 1829 వాడిని ఎందుకు వదిలేశామో కూడా. తేలకపోతే మాత్రం గీత కలపకండి, ఖాళీగా వదిలేయండి. సేవ్. ఇక డంకన్. ఈయన 1855 తర్వాత పోయుంటే ఈయన మరణ రికార్డులోనూ తల్లిదండ్రులుంటారు. డెత్స్, డంకన్ రాబర్ట్‌సన్, బ్లెయిర్ అథోల్, సెర్చ్ కొడుతున్నా.