మిరపను ఎంచుకునే ముందు దాని జాతి అడగండి

అందరికీ నమస్కారం.

మిరపకాయ చేతికిస్తే ఎవరైనా ముందు అడిగేది "ఎంత కారం?" అనే. ఆ ప్రశ్నను చివరికి పెట్టుకోమని చెప్పడానికే వచ్చాను. ముందు అడగాల్సింది "ఇది ఏ జాతి?" అని. కాయ వాసన, కండ మందం, ఎండబెడితే ఎండుతుందా కుళ్లుతుందా, మొక్క చలికి నిలుస్తుందా, వీటిలో చాలావాటికి జవాబు జాతిని బట్టే దొరుకుతుంది.

మనుషులు సాగులోకి తెచ్చుకున్న మిరప జాతులు ఐదు. ఆన్యూమ్, ఫ్రూటెసెన్స్, చైనెన్స్, బకాటమ్, ప్యూబెసెన్స్. అన్నింటి పుట్టిల్లూ అమెరికా ఖండాలే.

ఎక్కువగా పండేది ఆన్యూమ్. చిక్కేమిటంటే కారమే లేని క్యాప్సికం, సన్నగా పొడుగ్గా ఉండే కయెన్, బొద్దుగా ఉండే హాలపేన్యో అన్నీ ఇందులోవే. అందుకని ఇక్కడ జాతి తెలిస్తే సరిపోదు, కండ కూడా చూడాలి. ఎండబెట్టి పొడి కొట్టుకోవాలంటే పల్చటి కండ ఉన్న కయెన్ లాంటిది కావాలి. హాలపేన్యో కండ మందం, నీరు ఎక్కువ. ఎండలో పెడితే ఎండే లోపే పాడవుతుంది. మెక్సికోలో దాన్ని పొగబెట్టి ఎండబెట్టడం అందుకే.

ఫ్రూటెసెన్స్ కాయలు చిన్నవి, తరచుగా ఆకాశం వైపు నిలబడి కాస్తాయి. టబాస్కో మిరప ఈ జాతిదే. రసం ఎక్కువ కాబట్టి సాస్‌కు బాగా పనికొస్తుంది.

నాకు అన్నింటికంటే ఇష్టమైనది చైనెన్స్. హబనేరో, భూత్ జోలోకియా లాంటివి దీని కిందికే వస్తాయి. జనం వీటిని కారం పందేలకు వాడుతుంటే బాధేస్తుంది. ఎందుకంటే దీని అసలు గొప్పతనం పండ్ల వాసన. ఆ వాసన కావాలి, మంట వద్దు అనుకునేవాళ్ల కోసం కారం బాగా తగ్గించిన రకాలూ ఇదే జాతిలో ఉన్నాయి. కాకపోతే కాయ పండటానికి చాలాకాలం పడుతుంది, వెచ్చని రోజులు ఎక్కువ కావాలి.

బకాటమ్‌ను పూత మీదే పట్టుకోవచ్చు. తెల్లటి రేకుల మొదట్లో పసుపో ఆకుపచ్చో మచ్చలుంటాయి. పెరూ వంటల్లోని ఆహీ అమరీయో ఇదే. ప్యూబెసెన్స్‌ను అయితే ఎవరూ పొరబడరు. ఊదారంగు పూలు, నూగున్న ఆకులు, కాయ కోస్తే నల్లటి గింజలు. ఆండీస్ కొండల మీది మొక్క కాబట్టి చల్లదనం దానికి హాయి, మండుటెండ గిట్టదు.

ఇక కారం. దాన్ని కొలిచే పద్ధతిని అమెరికా ఔషధ నిపుణుడు విల్బర్ స్కోవిల్ 1912లో పెట్టాడు. మిరప సారాన్ని చక్కెర నీళ్లలో కలుపుతూ, నాలుకకు మంట తెలియనంత వరకు పలచన చేస్తూ పోవడమే ఆ పద్ధతి. ఎన్ని రెట్లు పలచన చేయాల్సి వస్తే అన్ని స్కోవిల్ యూనిట్ల కారం అన్నమాట. ఇప్పుడు యంత్రాలు కొలుస్తున్నాయి. హబనేరో లక్ష నుంచి మూడున్నర లక్షల యూనిట్ల దాకా ఉంటుంది. 2023లో అత్యంత కారమైన మిరపగా రికార్డుకెక్కిన పెప్పర్ ఎక్స్ సగటు 26,93,000. కానీ ఒకే మొక్క మీది రెండు కాయలు కూడా ఒకేలా మండవు. నీళ్లు, ఎండ, కాయ ముదురు, అన్నీ తేడా తెస్తాయి. కాబట్టి ప్యాకెట్ మీది అంకెను ఒక అంచనాగానే తీసుకోండి.

మంట గింజల్లో ఉంటుందని చాలామంది గింజలు మాత్రం దులిపేస్తారు. నిజానికి మంట పుట్టించే పదార్థం క్యాప్సైసిన్ తయారయ్యేది గింజలు అంటుకుని ఉండే తెల్లటి పొరలో. కాయను నిలువుగా చీల్చి, ఆ పొరను కత్తి మొనతో గీకేస్తే చాలా కారం తగ్గిపోతుంది. హబనేరో వాసన కావాలనుకునేవాళ్లు ఇలా చేసి చూడండి. చేతి తొడుగులు మాత్రం మరవద్దు.

గింజలు దాచుకుని మళ్లీ విత్తుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. క్యాప్సికం పక్కన కయెన్ వేస్తే ఈ ఏడు కాయకు ఏమీ కాదు. కానీ తేనెటీగలు పుప్పొడి కలిపేసి ఉంటే, ఆ గింజల నుంచి వచ్చే ఏడు కాసే క్యాప్సికం మండవచ్చు. ప్యూబెసెన్స్‌తో ఆ బెంగ లేదు, అది తక్కిన నాలుగింటితో కలవదు. మిగతావాటిలో గింజ కోసం ఉంచే కొమ్మకు, మొగ్గ విచ్చకముందే పల్చటి గుడ్డ సంచి కట్టేయండి. కాయ పిందె పడ్డాక సంచి విప్పి, ఆ తొడిమకు గుర్తుగా ఒక దారం ముడేసుకోండి.