తీసిన చోటు ఏది?
(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసి ఓ కునుకు తీసే వేళ. అది మానుకుని వచ్చారు కాబట్టి, మనిషి తీరు చెప్పే ప్రశ్నల పరీక్షల సంగతికి వచ్చే ముందు ఒక కథ చెబుతాను.

1917 ప్రాంతం, అమెరికా. క్యాథరిన్ బ్రిగ్స్ అనే ఆవిడ ఇంటికి, కాలేజీలో చదువుతున్న కూతురు ఇసబెల్ ఒక అబ్బాయిని తీసుకొచ్చింది. పేరు క్లారెన్స్ మైయర్స్. ఇతన్నే చేసుకుంటానంది. అబ్బాయి మంచివాడే కానీ తీరు వేరు. వీళ్ళు ఊహల్లో, పుస్తకాల్లో బతికే మనుషులు. అతను కళ్ళ ముందున్న పనీ, లెక్కా చూసుకునే మనిషి. మన దగ్గరైతే ఆ తల్లి "ఏమో వదినా, కాబోయే అల్లుడు ఒక పట్టాన అర్థం కావడం లేదు" అనుకుని ఊరుకునేది. ఆవిడ మాత్రం అసలు మనుషుల్లో ఎన్ని రకాలున్నాయో తేల్చుకుందామని పుస్తకాల మీద పడింది. 1921లో స్విట్జర్లాండ్‌కి చెందిన మానసిక వైద్యుడు కార్ల్ యుంగ్ మనస్తత్వ రకాల మీద ఒక పుస్తకం వేశాడు. 1923లో అది ఇంగ్లీషులోకి రాగానే ఈవిడ చేతిలో పడింది. తర్వాత రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఆడవాళ్ళు పెద్ద సంఖ్యలో ఉద్యోగాలకి వస్తుంటే, ఎవరికి ఏ పని నప్పుతుందో చూడటానికి పనికొస్తుందని కూతురు ఆ ఆలోచనల్ని ప్రశ్నల కాగితంగా మార్చింది. తల్లీకూతుళ్ళిద్దరూ సైకాలజీ డిగ్రీలు చేసినవాళ్ళు కాదు. ఆ ప్రశ్నల కాగితమే ఇవాళ మీ పిల్లలు ఫోన్లో నింపుతున్న మైయర్స్-బ్రిగ్స్ పరీక్ష. నాలుగు విషయాల్లో మనిషి ఏ వైపు మొగ్గుతాడో చెప్పే నాలుగు అక్షరాలు, అలా పదహారు రకాలు.

ఇన్‌స్టాగ్రామ్‌లో పేరు కింద ఐఎన్ఎఫ్‌పి అనో, ఈఎస్‌టిజె అనో పెట్టుకుంటున్నారు. మన కాలంలో నక్షత్రం చెప్పుకునేవాళ్ళం. మా పెళ్ళికి పొంతనలు చూసినప్పుడు నాది మనుష్య గణం, మా ఆయనది రాక్షస గణం అని తేలింది. ముప్పై ఒక్క ఏళ్ళ తర్వాత ఇప్పుడు ఆయన్ని అడిగితే అక్కడేదో తారుమారైందంటారు.

నేను ఈ పరీక్షల్ని వెక్కిరించడానికి రాలేదు. బ్యాంకు ఉద్యోగులకి శిక్షణ ఇచ్చే పనిలో పదకొండేళ్ళు ఉన్నాను. ఈ నాలుగక్షరాల కాగితం వందల మంది చేత నింపించాను. ఒకసారి చిన్న బ్రాంచి నుంచి ఒక అమ్మాయి వచ్చింది. ఫలితంలో మొదటి అక్షరం 'ఐ', అంటే ఇంట్రోవర్ట్, తనలో తాను ఉండే మనిషి. నవ్వుతూ కాగితం తీసుకెళ్ళింది. రెండు నెలల తర్వాత ఫోన్. "మేడమ్, నన్ను కౌంటర్ నుంచి తీసేసి లోపల ఫైళ్ళ దగ్గర వేశారు. మీ కాగితం చూసి మేనేజర్ గారు, జనంతో మాట్లాడటం నీకు ఇబ్బంది కదమ్మా అన్నారు" అంది. ఒకటో తారీఖు పెన్షనర్లు ఆ అమ్మాయి కౌంటర్ దగ్గరే క్యూ కట్టేవాళ్ళట. తక్కువ మాట్లాడుతుంది కదా, వాళ్ళు చెప్పేది వింటుంది. ఉద్యోగంలోకి మనుషుల్ని ఎంచుకోవడానికి ఈ పరీక్ష వాడొద్దని దాన్ని నడిపేవాళ్ళే చెబుతారు. ఆ మాట నేను ఆ క్లాసులో చెప్పలేదు. మేనేజర్‌ని ఏమని తప్పుపట్టను? కాగితం ఇచ్చింది నేనే.

అప్పుడు కూర్చుని ఈ పరీక్షల గురించి సరిగ్గా చదివాను. ముందు చదివింది బెర్ట్రమ్ ఫోరర్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1948లో చేసిన పని. క్లాసులో 39 మంది విద్యార్థులకి పరీక్ష పెట్టాడు. వారం తర్వాత ఎవరి ఫలితం వాళ్ళకిచ్చి, మీకు ఎంతవరకు సరిపోయిందో అయిదుకి మార్కులు వేయమన్నాడు. సగటు 4.26 వచ్చింది. నిజానికి అందరికీ ఇచ్చింది ఒకే కాగితం. అందులో వాక్యాలు చాలావరకు బజార్లో దొరికే జాతకాల పుస్తకంలోంచి ఏరినవి. మీకు నలుగురి మెప్పూ కావాలి, మీలో మీకే తప్పులు కనిపిస్తాయి, పైకి నిబ్బరంగా ఉన్నా లోపల దిగులు పడతారు... ఇలాంటివి. ఎవరికి సరిపోదు చెప్పండి? ఫలితం చదివి "అచ్చం నేనే!" అనిపించినంత మాత్రాన పరీక్ష గట్టిదని కాదు.

రెండో సంగతి గీత. పదో తరగతిలో 34 వస్తే ఫెయిలు, 35 వస్తే పాసు. 35 వచ్చినవాడూ, 95 వచ్చినవాడూ ఒకే గాటన 'పాసు'. నాలుగక్షరాల పరీక్షలోనూ మధ్యలో అలాంటి గీతే ఉంటుంది. మనలో ఎక్కువమంది ఆ మధ్యలోనే ఉంటాం. అందుకే నెల తర్వాత మళ్ళీ నింపితే చాలామందికి ఒక అక్షరం అటూ ఇటూ అవుతుంది.

సైకాలజిస్టులు ఎక్కువగా నమ్మేది వేరే పద్ధతి. దాని పుట్టుక నాకు భలే ఇష్టం. మనుషుల మధ్య ముఖ్యమైన తేడా ఏదున్నా భాష దానికి ఒక మాట పుట్టించే ఉంటుందని అనుకుని, 1936లో ఆల్‌పోర్ట్, ఒడ్‌బర్ట్ అనే ఇద్దరు వెబ్‌స్టర్ నిఘంటువులోంచి మనిషి తీరు చెప్పే మాటలు సుమారు 18,000 ఏరారు. మన దగ్గర మాత్రం తక్కువా? ముక్కుసూటి, మొండి, నాన్చుడు, చాదస్తం, లౌక్యం, నస, గుంభనం... ఒక్క మేనత్త గురించే ఇరవై మాటలు చెప్పగలం. ఆ కుప్పని తర్వాతివాళ్ళు దశాబ్దాల పాటు వడగట్టగా అయిదు తేలాయి: కొత్త వాటి మీద ఆసక్తి, పనిలో పద్ధతి, కలుపుగోలుతనం, ఎదుటివారి పట్ల మెత్తదనం, ఆందోళన. ఇందులో రకాలుండవు. ఒక్కొక్కటీ ఎవరిలో ఎంత ఉందన్నదే లెక్క. దీనికి ఇరవై ప్రశ్నల చిన్న రూపం ఉంది, ఉచితం. 'నాకు బొత్తిగా వర్తించదు' అయితే 1, 'అచ్చంగా వర్తిస్తుంది' అయితే 5.

పోయిన వినాయక చవితి మర్నాడు మా ఆయనా నేనూ ఆ ఇరవై ప్రశ్నలకీ రెండేసి కాగితాలు నింపాం. ఒకటి ఎవరి గురించి వాళ్ళు, రెండోది ఎదుటివారి గురించి.

మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయారు. నలుగురు చేరిన చోట సందడంతా నాదే, అని ఉంది. "పెళ్ళిలోనా? మీ వాళ్ళ పెళ్ళా, మా వాళ్ళ పెళ్ళా?" అన్నారు. నవ్వాను కానీ, ఆ ప్రశ్నలో చాలా ఉంది. మా వాళ్ళ పెళ్ళిళ్ళలో ఆయన ఓ మూల కుర్చీలో కూర్చోవడమే నేను ఇన్నాళ్ళూ చూశాను. ముభావం మనిషని 2 వేశాను. వాళ్ళ ఊళ్ళో అరుగు మీద ఆయన్ని చూసినవాళ్ళు 5 వేస్తారు.

తర్వాత, వస్తువు తీసిన చోట పెట్టడం మర్చిపోతుంటాను, అన్నది. ఆయనకి ఆయన వేసుకున్నది 1. నేను ఆయనకి వేసింది 5. గొడవ మొదలైంది. గోళ్ళు తీసుకునే కటర్ ఎక్కడుందో చెప్పమన్నాను. టక్కున "ఫ్రిజ్ మీద" అన్నారు. వెళ్ళి చూస్తే అక్కడే ఉంది. "నేను ఎప్పుడూ అక్కడే పెడతాను. నువ్వే దాన్ని తీసి సొరుగులో దాస్తావు" అన్నారు. ముప్పై ఒక్క ఏళ్ళుగా మా ఇంట్లో ఆ కటర్‌కి రెండు 'తీసిన చోట్లు' ఉన్నాయన్నమాట. రోజూ ఇద్దరం దాన్ని దాని చోటికి చేరుస్తూనే ఉన్నాం.

ఇంకొకటి నవ్వులాట కాదు. తరచూ మనసు కుదురు తప్పుతుంది అన్నదానికి నేను 4 వేసుకున్నాను. ఆయన నాకు 1 వేశారు. "నువ్వా? నీ అంత నిబ్బరం ఎవరికుంది?" అన్నారు. అబ్బాయి రాత్రి బస్సులో బయల్దేరితే తెల్లారేదాకా నాకు నిద్ర పట్టదని, పక్క మీద కదలకుండా పడుకుంటానని అప్పుడు చెప్పాను. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. "లేపొచ్చు కదా" అన్నారు. 2010లో సిమీన్ వజీర్ అనే సైకాలజిస్టు చూపించింది కూడా ఇలాంటిదే. లోపలి ఆందోళన ఎవరిది వాళ్ళకే బాగా తెలుస్తుంది. మన తెలివి ఎంత, కొత్తగా ఆలోచించే శక్తి ఎంత అన్నది మాత్రం మనకంటే స్నేహితులే సరిగ్గా చెబుతారు.

మరి ఎవరికి ఎవరు నప్పుతారో పరీక్ష చెబుతుందా అని పెళ్ళీడు పిల్లలున్నవాళ్ళు అడుగుతారు. అమెరికాలో కెల్లీ, కాన్లీ అనే ఇద్దరు 1987లో అచ్చేసిన పరిశోధన ఒకటుంది. 1930లలో నిశ్చితార్థమైన 300 జంటల్ని దశాబ్దాల పాటు గమనించారు. సంసారం కష్టంగా నడవడానికీ, విడిపోవడానికీ ఎక్కువగా ముడిపడింది ఆందోళన స్వభావం, భార్యదైనా భర్తదైనా. దాంతోపాటు భర్తకి తనని తాను అదుపులో పెట్టుకోలేని గుణం. అలాగని సంబంధం చూడటానికి వెళ్ళి అబ్బాయి చేతికి ప్రశ్నల కాగితం ఇవ్వకండి. పెళ్ళి కావాలనుకున్నవాడు అన్నిటికీ మంచి మార్కులే వేసుకుంటాడు.

సరే, నా మాటలు చాలు. ఆ ఇరవై ప్రశ్నలూ తెలుగులో రాసి జిరాక్స్ తీయించాను. మనిషికి రెండు కాగితాలు. ఒకటి మీ గురించి, ఇంకొకటి మీతో వచ్చినవాళ్ళ గురించి. ఒంటరిగా వచ్చినవాళ్ళు రెండోది ఇంటికి పట్టుకెళ్ళండి. నింపేటప్పుడు పక్కవారి కాగితంలోకి తొంగి చూడొద్దు. కూడికలు తర్వాత చూసుకోవచ్చు, ముందు మీకు మీరు వేసుకున్నదానికీ, మీ గురించి ఎదుటివారు వేసినదానికీ తేడా రెండు గానీ, అంతకంటే ఎక్కువ గానీ వచ్చిన ప్రశ్నలకి సున్నా చుట్టండి. టీ వచ్చేదాకా వాటి గురించే మాట్లాడుకోండి. వెనక వరసలో పెన్నులు అందాయా?